ఆపకూడని పొట్లం

"జాకెట్‌కి వెనక బటన్లు పెట్టమంటారా?"

"వద్దు. ముందు హుక్కులే చాలు."

కోడ్ సరిపోయింది. అనసూర్య తలుపు దగ్గరికి వేసింది. నల్లకళ్లద్దాలు తీసి, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ప్రమీలాదేవి స్టూలు మీద కూర్చుంది. నకిలీ మందులమ్మే విదేశీ ముఠాకి ఆమె తెలంగాణ మేనేజర్. వాళ్లని వెంటాడుతున్న పోలీసు బ్యూరోకి డబుల్ ఏజెంట్.

"బాస్ దిగాడు. పదకొండుకి నంగునూరు రోడ్డు గోడౌన్‌ నుంచి లారీలు కదులుతాయి. నేనూ ఫోన్లో గొంతే విన్నాను. అతని ముఖం తెలిసింది పాత కేసులో చూసిన నీకొక్కదానికే. నువ్వు గుర్తుపట్టి కోడ్ చెబితేనే టీమ్ లోపలికెళ్తుంది."

"అప్పటిదాకా?"

"స్టెరాయిడ్ అన్న మాట బయట వినపడకూడదు. చీఫ్ ఆర్డర్. దవాఖానల్లో కూడా వాళ్ల మనుషులున్నారు."

అనసూర్య జాకెట్లు కుట్టే మనిషిగా సిద్దిపేటలో దిగి ఎనిమిది నెలలైంది. ఆ పేరూ ఆమెది కాదు. పదకొండేళ్లలో ఇది ఆరో ఊరు. ఎక్కడున్నా సాయంత్రం తాళం తీసేదీ తనే, లైటు వేసేదీ తనే. ఇక్కడ మాత్రం ఇంటామె రామవ్వ రోజూ గడపలో నిలబడి "తిన్నవా బిడ్డా?" అని అడిగేది. తిన్నానన్నా నమ్మేది కాదు. సర్వపిండి ముక్క పళ్లెంలో పెట్టి, అది అయిపోయేదాకా కదిలేది కాదు.

కేసులో మొదటి ఆధారం దొరికిందీ రామవ్వ దగ్గరే. దసరాకి, మళ్లీ ఉగాదికి అనసూర్య ఆమె జాకెట్ కొలతలు తీసింది. నడుము ఆరంగుళాలు పెరిగింది. చేతులు మాత్రం సన్నబడ్డాయి. ముఖం గుండ్రంగా ఉబ్బింది. మోకాళ్ల నొప్పికి ఆమె మింగుతున్న 'నడకశ్రీ' వేర్ల పొడిని ల్యాబ్‌కి పంపితే అందులో వేర్లే లేవు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, నొప్పీ వాపూ తగ్గించే డైక్లోఫెనాక్ ఉన్నాయి.

లోపలి గదిలోంచి వాంతి చప్పుడు వినిపించింది.

"ఎవరది?"

"రామవ్వ. నిన్నటి నుంచి ఇదే వరస. లేవలేకపోతోంది." అనసూర్య గొంతు తగ్గించింది. "తెలిసి తెలిసి ఆ పొడి మింగనివ్వలేకపోయాను. ఐదు రోజుల క్రితం పొట్లాలు మార్చేశాను. ఇప్పుడు మింగేది ఉత్త శొంఠిపొడి."

ప్రమీలాదేవి లేచి నిలబడింది. ముఠాలో చేరకముందు ఆమె ఫార్మసిస్టు.

"ఎంత పని చేశావు! ఏడాదిగా బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో సొంత హార్మోన్ తయారవడం ఆగిపోతుంది. మెల్లగా తగ్గించాలి. ఒక్కసారి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం పోతుంది!"

టైము పదీ ఇరవై. అనసూర్య మెడలోంచి కొలతల టేపు తీసి ప్రమీలాదేవి మెడలో వేసింది.

"దీని కొనలో కెమెరా ఉంది. నువ్వెళ్లు. నేను ఫోన్లో చూస్తాను. చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకో, నా మాట వినపడుతుంది."

"వాళ్లకి అనుమానం వస్తే?"

"టైలరు దగ్గర మర్చిపోయి వేసుకొచ్చానని చెప్పు."

ఆటోలో రామవ్వ తల అనసూర్య ఒళ్లో ఉంది.

"మిషన్ ఇడిసిపెట్టి నా ఎంట ఎందుకే? గిరాకి పోతది."

"పోనియ్యవ్వా."

"నీకెవ్వలు లేరా బిడ్డా? గిన్ని నెలల సంది ఒక్క మనిషి నీ తానికి రాలే."

ఈ ప్రశ్నకి బ్యూరో మూడు జవాబులు నేర్పింది. మూడూ వదిలేసి ఆమె రామవ్వ నుదుటి చెమట తుడిచింది.

దవాఖానలో డాక్టర్ సింధుజ బీపీ చూసి మొహం చిట్లించింది. "తిన్నది పడనట్టుంది. ఏమన్న మందులు వాడుతున్నదా?"

మందుల డబ్బాలు మోసుకొస్తున్న ఒకతను ఆగి వింటున్నాడు. చీఫ్ ఆర్డర్ గుర్తుంది. చేతిలో రామవ్వ చెయ్యి చల్లబడుతోంది.

"స్టెరాయిడ్, మేడమ్. డెక్సామెథాసోన్, ఏడాదిగా. ఐదు రోజుల కింద నేనే ఆపేసిన."

"రాంగనే చెప్పొద్దా! సిస్టర్, హైడ్రోకార్టిసోన్ వంద, సెలైన్... జల్ది!"

డబ్బాలతను ఫోన్ చెవికి పెట్టుకుంటూ బయటికి నడిచాడు.

అనసూర్య తన ఫోన్ తెరిచింది. గోడౌన్. లారీలు. ఎవరి ఫోనో మోగింది. తెల్లచొక్కా మనిషి ఒకడు అది వింటూనే కారు వైపు పరిగెత్తాడు. వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"పిలువు, ప్రమీలా!"

"సార్, బ్యాగు మరిచిపోయారు!"

అతను వెనక్కి తిరిగాడు. అదే ముఖం. పది యాభై తొమ్మిది.

"హుక్కులు కుట్టేశాను," అంది అనసూర్య టీమ్ లైన్‌లో.

స్క్రీన్ నిండా ఖాకీ చొక్కాలు.

నిమిషంలో చీఫ్ ఫోన్. "నోరు జారావు. ఇంకో రెండు క్షణాలైతే వాడు పోయేవాడు."

"తెలుసు సార్. ఇంకో మాట. పొడి పారేయమని ఊళ్లలో చెప్పించకండి. మింగుతున్న వాళ్లందరినీ దవాఖానకి రప్పించండి. డాక్టర్లే మెల్లగా తగ్గించాలి."

"అలాగే. సిద్దిపేటలో నీ పని అయిపోయింది. శుక్రవారం నుంచి వేరే ఊరు, వేరే పేరు."

గురువారం సాయంత్రం రామవ్వ మంచం మీద లేచి కూర్చుంది.

"పొడి మార్చింది నువ్వేనంట? నీ ఫోన్ మాటలన్ని సిస్టరమ్మ ఇన్నదంట."

"నేనే అవ్వా."

"ముందుగాల సంపబోయినవ్, మల్ల బతికిచ్చినవ్. దొంగలను గుడ పట్టిచ్చినవంట. అంత మంచిగనే ఉంది గని, ఇగ నా మోకాళ్ల సంగతేంది?"

అనసూర్య కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని ఆ మోకాళ్లు పట్టడం మొదలుపెట్టింది. ఈ పనికి బ్యూరో ఇంతవరకు కోడ్ పేరు పెట్టలేదు.