అద్దం ముందు కమిషనర్

“వీబెకె రౌన్‌హోల్ట్ అమ్ముడుపోయిందా, లేదా? ఓటింగ్‌లోగా తేల్చు.” కోపెన్‌హాగన్ నుంచి గూఢచారి సర్వీసు చీఫ్ ఆర్డర్ అంతే.

ఏజెంట్ ఆస్గర్ బ్రస్సెల్స్‌లో ఆమె ప్రెస్ సెక్రటరీ వేషం కట్టాడు. వీబెకె డెన్మార్క్‌లో సొంతూరు రాండర్స్ మునిసిపాలిటీలో మొదలుపెట్టి, లిబరల్ పార్టీలో ఒక్కో మెట్టే ఎక్కి, యూరప్ పార్లమెంటు ఆర్థిక కమిటీ దాకా వచ్చిన మనిషి. డొల్ల కంపెనీల గుట్టు విప్పే చట్టం ఆమెదే. దాన్ని చంపాలని ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది.

ఆస్గర్ ఆమె కాఫీ ఫ్లాస్కు మూతలో మైక్ పెట్టాడు. విన్నదంతా రికార్డు చేసి కమీల్‌కి ఇచ్చేవాడు. కమీల్ పార్లమెంటులో దుబాసీ, అందగత్తె, రహస్యంగా డేనిష్ సర్వీసు మనిషి అనుకున్నాడు. కాదు, ముఠా మనిషి అని చీఫ్ ఫోన్ చేసేసరికి ఓటింగ్ గంట మోగుతోంది. ఏం ఏజెంటువయ్యా బాబూ!

గార్డులకు కబురు పెట్టి హాలు దగ్గరికి పరుగెత్తాడు. బయట వీబెకె గోడకు ఆనుకుని ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“కమీల్ నాకో రికార్డింగ్ వినిపించింది. ఎర్ర బటన్ నొక్కి చట్టాన్ని ఓడించకపోతే దేశమంతా వినిపిస్తుందట.”

“లంచమా?”

“లంచమైతే బాగుండేది! అద్దం ముందు, యూరప్ కమిషనర్‌నైపోయినట్టు నా ఉపన్యాసం. ‘ఈ పదవికి నాకంటే తగినవాళ్లు యూరప్‌లోనే లేరు’ అని.”

ఆస్గర్ తల దించుకున్నాడు. తనని తాను పొగుడుకుంటూ దొరకడమంటే డెన్మార్క్ వాళ్లకు నడిబజార్లో బట్టలూడిపోవడమే.

“రాండర్స్‌లో ఇక మొహమెలా చూపించను? చట్టం పోతే పోనీ. ఎర్రదే నొక్కుతా.”

అటూ ఇటూ ఓట్లు సమానం. తేల్చాల్సింది ఆమె ఒక్కర్తే.

“వీబెకె, ఆ మైక్ పెట్టింది నేనే.”

“నువ్వా! అయితే విన్నావా?”

“విన్నాను.”

“నవ్వావా?”

“పడీపడీ నవ్వాను, కమీల్‌తో కలిసి.” సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. “ఇన్నాళ్లు విన్నా నీ నోట తప్పుడు మాట ఒక్కటీ దొరకలేదు. వెధవపని నాది. సిగ్గుపడాల్సింది నేను.”

చెంప పగలగొట్టినా బాగుండుననుకున్నాడు. ఆమె కొట్టలేదు. “అవును, నువ్వే,” అని లోపలికి వెళ్లింది.

“ఓటింగ్ ముగుస్తోంది,” అన్నాడు చైర్మన్. దుబాసీల గాజుగదిలోంచి కమీల్ ఫోన్ ఊపి చూపించింది. వీబెకె వేలు ఎర్ర బటన్ మీద వాలింది. ఆఖరి క్షణంలో పక్కకు జరిగి పచ్చది నొక్కింది.

చట్టం గట్టెక్కింది. గార్డులు కమీల్‌ని పట్టుకున్నారు గానీ, అప్పటికే రికార్డింగ్ వెళ్లిపోయింది. సాయంత్రానికి డెన్మార్క్ అంతా విన్నది. వీబెకె బల్లకింద దూరడం ఒక్కటే తక్కువ.

ఫోన్ మోగింది. వాళ్లక్క.

“అంతా విన్నానులే. అద్దం ముందు అంత బాగా మాట్లాడేదానివి, ఇన్నేళ్లూ పార్లమెంటులో ఎందుకే అలా నసుగుతున్నావ్?”