పెద్దదా, చిన్నదా?

“మీరు చూడ్డానికొచ్చింది మమ్మల్నే అయితే, ఇటునుంచి ఇటే వెళ్లిపోండి,” అంది గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి.

పశువుల డాక్టరు గేటు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతను వచ్చింది కారు చూడటానికి. ఆ మాటే చెప్పాడు. ఆమె నమ్మలేదు.

తప్పు ఆమెది కాదు. ముందురోజు ఆమె తండ్రి ఫోన్లో మాట్లాడుతుంటే చెల్లెలు తలుపు చాటునుంచి విన్నది. “రెండూ ఇంట్లోనే ఉంటాయి బాబూ, వచ్చి చూసుకో. పెద్దది కాస్త మొండిది. చిన్నది ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుంది. ఏది నచ్చితే అది తీసుకెళ్లు,” అన్నాడు ఆయన. చెల్లెలు ఆ మాటలకు కొంచెం ఉప్పూ కారం జతచేసి అక్క చెవిన వేసింది. ఆ ఇంట్లో కూతుళ్లనీ పెద్దది, చిన్నది అనే అంటారు. కార్లనీ అలాగే అంటారు. మన భాషలో అమ్మాయీ వస్తుంది, కారూ వస్తుంది. మొండికేసేదీ అదే, నచ్చేదీ అదే. తేడా తెలియాలంటే కళ్లతో చూడాల్సిందే.

డాక్టరు జేబులోంచి పేపరు ముక్క తీసి ఇచ్చాడు. పాత స్పోర్ట్స్ కార్లు రెండు ఉన్నాయనీ, వాటిలో ఒకటి అమ్ముతామనీ, ఏదన్నది కొనేవారి ఇష్టమనీ అందులో ఉంది. కింద ఆ ఇంటి ఫోన్ నంబరు.

ఆమె రెండుసార్లు చదివింది.

“ఒకటి అమ్మేస్తున్నాడా?” అంది. అతన్ని అడిగినట్టు లేదు.

గేటు తెరుచుకుంది. కోపం పోయి తీసింది కాదు, పట్టుకోవడం మరిచిపోయింది.

తండ్రి ఒకప్పుడు టైర్ల షాపు నడిపాడు. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పొద్దు గడుపుతాడు. కార్లు రెండూ ఆ షెడ్డులో పక్కపక్కన ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, చెరో రెండు సీట్లు. పెద్దది ఆ మోడల్ మొదటిసారి బయటికొచ్చిన ఏడాదిది. ఇనుప టాపు, రెండు కార్బురేటర్లు, పుట్టినప్పటి ఇంజను. చల్లటి పూట స్టార్టవడానికి బతిమాలించుకుంటుంది. చిన్నది కొన్నేళ్ల తర్వాత వచ్చింది. గుడ్డ టాపు, వెనక్కి మడిచెయ్యొచ్చు. ఇంజను ఒకసారి మార్చారు. తాళం తిప్పితే చాలు.

“తెలిసినవాళ్లు పెద్దదాన్ని అడుగుతారు, తెలివైనవాళ్లు చిన్నదాన్ని,” అన్నాడు తండ్రి. “నువ్వెవరో నువ్వే తేల్చుకో.”

అమ్మకానికి కారణం కూడా దాచలేదు. ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. క్లచ్ తొక్కినప్పుడల్లా ప్రాణం పోయినంత పని అవుతోంది. తిప్పకుండా నిలబెడితే ఇంజన్లు పట్టేస్తాయి. ఒక్కటే ఉంటే పెద్దకూతురు తిప్పుతుంది. రెండోది వెళ్లాలి. ఏది వెళ్లాలో మాత్రం తనను అడగవద్దన్నాడు. అందుకే ఆ మాట పేపర్లో వేయించాడట.

తండ్రి పెద్దదాన్ని స్టార్ట్ చేశాడు. మూడోసారికి అందుకుంది. డాక్టరు బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆవు డొక్క మీద చెయ్యి వేసి చూడటం అతని వృత్తి. కారు దగ్గరా చెయ్యి అలవాటు మానలేదు.

“జ్వరం ఉందా డాక్టరు గారూ?” అంది చెల్లెలు.

“లేదండీ. కాస్త ఆయాసం ఉంది.”

అక్క మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికో, కోపం దాచుకోవడానికో అతనికి అర్థం కాలేదు.

చిన్నప్పుడు అతని వీధిలో సరిగ్గా ఇలాంటి కారే ఒకటి ఉండేది. దాని చప్పుడు వినపడితే కంచం ముందునుంచి లేచి పరిగెత్తేవాడు. వెనకాల తల్లి గరిటెతో పరిగెత్తేది. చెయ్యి కింద ఇప్పుడు అదే చప్పుడు. పెద్దదే కావాలని అతనికి అప్పుడే తెలిసిపోయింది. అయినా రెండూ నడిపి చూస్తానన్నాడు. ఎందుకన్నాడో అడిగితే కారు గురించే ఏదో చెప్పి ఉండేవాడు.

తన మోకాలు సహకరించదు కాబట్టి పెద్దమ్మాయి వెంట వస్తుందన్నాడు తండ్రి. ఆమె పని డ్రైవింగ్ నేర్పడమే. నేర్పే బండిలో ఆమె కూర్చునే పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది.

ముందు చిన్నదాన్ని తీశారు. టాపు వెనక్కి మడిచి ఉంది, ఆకాశం మబ్బేసి ఉంది. మొదటి మలుపు దగ్గర ఆమె కుడికాలు నేలను గట్టిగా నొక్కింది.

“అక్కడ బ్రేకు లేదండీ,” అన్నాడు డాక్టరు.

“తెలుసు.”

“మరెందుకు తొక్కుతున్నారు?”

“మీరు తొక్కట్లేదు కదా.”

రెండో మలుపు దగ్గర అతను ముందే తొక్కాడు. ఈసారి ఆమె కాలు కదల్లేదు.

వాన మొదట ఆమె ముక్కు మీద ఒక్క చుక్క వేసి చూసింది. అభ్యంతరం లేదనుకుందేమో, మిగతాదంతా ఒకేసారి కుమ్మరించింది. బండి పక్కకు ఆపి టాపు లాగితే అది సగందాకా వచ్చి బిగుసుకుంది. ఇద్దరూ లాగారు. ఇద్దరూ తిట్టారు. ఆఖరికి సగం టాపును చెరో చేత్తో పైకి ఎత్తిపట్టుకుని, వాన తగ్గేదాకా అలాగే కూర్చున్నారు.

చేతులు ఖాళీ లేనప్పుడు మాటలే మిగులుతాయి. సూది తీస్తే చాలు కుంటడం మొదలుపెట్టే మేక గురించి అతను చెప్పాడు. గుద్దబోయిన ప్రతి స్తంభానికీ క్షమాపణ చెప్పే ఒక పెద్దాయన తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్నాడని ఆమె చెప్పింది. వాన ఎప్పుడు ఆగిందో చూసుకోలేదు. ఒక సైకిలాయన పక్కనే ఆగి, ఎండలో ఆ టాపు ఎందుకు పట్టుకున్నారని అడిగాడు.

తర్వాతి వారం పెద్దదాని వంతు. మొదట పక్క సీట్లో కూర్చుని బండి వింటానన్నాడు అతను. ఆమె నడిపింది. ఇంజను వింటూ, మధ్యమధ్య ఆమె గేరు మార్చే చెయ్యి చూస్తూ, కాళ్ల దగ్గర కూడా చూశాడు. అక్కడ మ్యాటు ఒకచోట నూలు పోగులు తేలి అరిగిపోయింది. దాని కింద రేకు చిన్న గిన్నెలా నొక్కుకుపోయింది.

కొనడానికి వచ్చినవాడు ఏం చేస్తాడో అతనూ అదే చేశాడు. “ఇక్కడ ఫ్లోరు పోయిందండీ. ఈ మ్యాటు పీకేసి, రేకు వెల్డింగ్ చేయించి, కొత్తది వేయిస్తే సరిపోతుంది,” అన్నాడు.

ఆమె గేరు మార్చింది. ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. షెడ్డులో బండి ఆపి, తాళం మేకుకు తగిలించి, అప్పుడు అంది.

“చిన్నది తీసుకోండి. మీకు అదే సరిపోతుంది.”

చెల్లెలు టీ తెచ్చేసరికి అక్క లేదు. ఏమైందని చెల్లెలు అడిగితే తనకూ తెలియదన్నాడు డాక్టరు. నిజంగానే తెలియదు.

ఆ సాయంత్రం డాక్టరు తల్లి ఫోన్ చేసి కారు సంగతి అడిగింది.

“పెద్దదే నచ్చిందమ్మా. కానీ పెద్దదానికి నేను నచ్చలేదు.”

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

“కారుకి నువ్వు నచ్చకపోవడమేంట్రా?”

డాక్టరు నాలుక కరుచుకున్నాడు. కరుచుకున్న చప్పుడు కూడా తల్లికి వినపడి ఉంటుంది. మొదటినుంచీ చెప్పమంది. చెప్పాడు. గేటూ, వానా, మ్యాటూ అన్నీ చెప్పాడు. మ్యాటు మార్చాలన్నాక అమ్మాయి ముఖం ఎలా ఉందని అడిగింది ఆమె. అతను రోడ్డు చూశానన్నాడు.

“నోరులేనివాటికి ఎక్కడ నొప్పో చెయ్యి పెట్టి చెప్తావు. నోరున్న మనిషి దగ్గరికొచ్చేసరికి రోడ్డు చూస్తావు,” అంది తల్లి. “వెళ్లి మళ్లీ చూడు. ఈసారి కారు కాదు.”

రెండు రోజులాగి వెళ్లాడు. పెద్దదాన్ని ఒక్కసారి తానే నడుపుతానన్నాడు. తండ్రి ముందు కాదనలేక ఆమె పక్కన కూర్చుంది, కిటికీ వైపు తిరిగి.

సందులోంచి ఒక సైకిలు అడ్డం వచ్చింది. అతను బ్రేకు మీద కాలు వేశాడు. ఆమె కాలు కూడా లేచింది. ఆ మడమ సూటిగా వెళ్లి మ్యాటు అరిగిన చోటే పడింది. వెతుక్కోలేదు. రోజూ వేసుకునే చెప్పులోకి వెళ్లినట్టు వెళ్లి కుదురుకుంది.

డాక్టరు బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపేశాడు.

“మీలాగే బ్రేకు తొక్కేవాళ్లు ఇక్కడ ఇంకెవరు కూర్చునేవారండీ?” అని అడిగాడు.

ఆమె ఆ గుంట వైపే చూస్తూ ఉండిపోయింది.

“అమ్మ,” అంది. “నాన్న డ్రైవింగ్ మీద అమ్మకి కాస్త కూడా నమ్మకం లేదు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఈ కాలితో బ్రేకు తొక్కుతూనే ఉండేది. తొక్కుతూ తిట్టేది. ఈ బండికి రెండు బ్రేకులు, ఒకటి పనిచేస్తుంది, ఇంకోటి మాట్లాడుతుంది అనేవాడు నాన్న.”

తల్లి పోయి మూడేళ్లయిందని చెప్పింది. ఫోటోలు ఉన్నాయట. వాటిలో అమ్మ నవ్వుతూ ఉంటుందట. అలా నవ్వుతూ కూర్చునే మనిషి కాదట. “ఆవిడ ఆవిడలా ఉన్నది ఈ ఇంట్లో ఇంకెక్కడా లేదు. ఇక్కడే ఉంది. మీరేమో పీకేస్తానన్నారు.”

“మీ నాన్నగారికి చెప్పొచ్చు కదా.”

“చెప్తే రెండూ ఉంచేసుకుంటాడు. ఆ మోకాలితోనే రెండూ తొక్కుతాడు. ఒకటి అమ్ముదామన్న మాటకి రావడానికే ఆయనకి ఇన్నాళ్లు పట్టింది, ఇప్పుడు నేనే వెనక్కి లాగనా? పైగా డ్రైవరు సీట్లోంచి ఇది కనపడదు. ఆయనకి అసలు తెలీదేమో.” కాలు ఆ గుంట మీంచి తీసి, “మీరు చిన్నది తీసుకుంటే బావుండునని మొదటిరోజునుంచీ అనుకుంటున్నాను. కానీ మీరు పెద్దదాని మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నారు,” అంది.

డాక్టరు ఇంజను స్టార్ట్ చేశాడు. బండి తిప్పి ఇంటికి తెచ్చాడు. దారిలో ఆమె కాలు మళ్లీ ఒకటి రెండుసార్లు తొక్కింది. బ్రేకు లేదని అతను గుర్తుచేయలేదు.

తండ్రి షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని ఉంది.

“తేలిందా బాబూ?” అని అడిగాడు తండ్రి.

“తేలిందండీ. చిన్నది తీసుకెళ్తాను.”

తండ్రి అతని ముఖంలోకి చూశాడు. “పెద్దదాని మీద చెయ్యి వేసినప్పుడు నీ మొహం నేను చూశాను.”

“నచ్చింది పెద్దదేనండీ. కానీ దాన్ని ఈ ఇంట్లోంచి తీసుకెళ్లకూడదు.”

ఆయన స్టూలు మీంచి లేచాడు. మోకాలు పట్టుకుని నాలుగడుగులు వేసి, పెద్దదాని పక్క తలుపు తీశాడు. లోపలికి వంగి చూశాడు. గుంట చుట్టూ మ్యాటు శుభ్రంగా ఉంది. గుంటలో మాత్రం దుమ్ము పేరుకుని ఉంది.

“తుడిచేటప్పుడు ఈ ఒక్కచోటు వదిలేస్తాను,” అన్నాడు. “ఎందుకు తుడవలేదని అడుగుతుందేమోనని.”

పెద్దమ్మాయి తండ్రి పక్కకు వెళ్లి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ మ్యాటునే చూశారు.

“నీకు తెలుసా నాన్నా?”

“నన్ను తిట్టిన కాలమ్మా అది. నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? నువ్వు చిన్నదాన్ని ఇష్టంగా తిప్పుతావు కదా, నీకు అదే కావాలేమోనని ఊరుకున్నాను. వచ్చినవాడే చెప్పనీ అనుకున్నాను.” తలుపు మెల్లగా వేసి డాక్టరు వైపు తిరిగాడు. “చెప్పావు. చిన్నది నీదే.”

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. “ఇంకో మాట ఉందండీ. నాకు నచ్చిన పెద్దది ఒకటి కాదు.”

చెల్లెలికి ముందు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకునేంత నవ్వు వచ్చింది గానీ, అక్క ముఖం చూసి ఆపుకుంది.

తండ్రి కాస్త ఆలస్యంగా అందుకున్నాడు. మూడోసారికి స్టార్టయ్యే తన కారులాగే. అందుకున్నాక మాత్రం నిదానంగా అన్నాడు. “ఆ పెద్దదాన్ని నేను అమ్మనూ లేను, ఇవ్వనూ లేను. అది దాని ఇష్టం. దాన్నే అడుగు.”

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె డ్రైవింగ్ పరీక్ష పెట్టిన మనిషిలా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“మలుపులో హారన్ కొట్టడు. రివర్సులో అద్దం చూడడు. బ్రేకు చెప్తేగానీ తొక్కడు,” అంది.

“అంటే, వద్దనా?” అన్నాడు తండ్రి.

“పక్కన ఒకళ్లు లేకుండా రోడ్డు మీదికి పంపకూడదని.”

తండ్రి నవ్వాడు. ఆ షెడ్డులో ఆయన నవ్వి చాలా కాలమైందని చెల్లెలు తర్వాత డాక్టరుతో చెప్పింది. అప్పటికి ఆమె అతన్ని బావా అని పిలవడం మొదలుపెట్టింది, ఎవరూ చెప్పకుండానే.

చిన్నదానికి కొత్త మ్యాటు వేయించి, తీసుకెళ్లే రోజు టాపు మడిచేశారు. వాన వస్తే చెరోవైపు పట్టుకోవడం ఎలాగూ తెలుసు. వీధి చివర మలుపు రాగానే ఆమె కుడికాలు నేలను నొక్కింది.

“అక్కడ బ్రేకు లేదు,” అన్నాడు అతను.

“తెలుసు. మీరు ముందు చూసి నడపండి.”

సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు అతను ముందు కాదు, కిందికి చూశాడు. మ్యాటు మీద మడమంత మేర నూలు అణిగి ఉంది. ఆమె కాలు తీయగానే మెల్లగా మళ్లీ పైకి లేచింది. ఇంకా కొత్తది కదా.