సంచితో సహా

మా ఆయనకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. "నా వీపు జోలికి రాకండి మహానుభావా!" అని. వీపు మధ్యలో, నా చెయ్యి అందని చోట, గోలీకాయంత గడ్డ. టికెట్ కౌంటర్లో ఎనిమిది గంటలు కూర్చోవాలి. కుర్చీ ఒరుసుకుంటే ప్రాణం పోతుంది. వెల్లకిలా పడుకుని ఏడాదైంది. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"భయపడాల్సిందేం లేదమ్మా," అన్నారు డాక్టరుగారు. "చర్మం కింద చిన్న సంచి, దాన్నిండా తెల్లటి మడ్డి. మత్తుసూది ఇచ్చి సంచితో సహా తీసేస్తే పీడా పోతుంది. కానీ పిండితే వాస్తుంది. వాపు మీద నేను కత్తి పెట్టను."

మూడుసార్లు సెలవు పెట్టి వెళ్ళాను. మూడుసార్లూ వెనక్కి పంపారు. "మళ్ళీ ఎవరో పిండారు!" అంటూ.

పిండింది మీరేనని నిలదీస్తే, "నాకు వేరే పనేం లేదనుకున్నావా?" అని మా ఆయన అలిగి, వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళారు, నా వీపుకి శాంతి అనుకున్నాను.

నాలుగోసారి ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం. తలుపు గడియ పెట్టి, బోర్లా పడుకున్నాను. ఇంట్లో చీమ చిటుక్కుమనడం లేదు. కాసేపటికి పాడైపోయిన వెన్న వాసన... గడ్డ చితికినప్పుడు వచ్చే వాసనే. మంచం ఓ పక్కకి కుంగింది. వీపు మీది బట్ట మెల్లిగా పైకి జరిగింది. చల్లటి బొటనవేళ్ళు రెండు... గడ్డకి అటూ ఇటూ సర్దుకున్నాయి.

అరుద్దామన్నా, లేద్దామన్నా... ఓపిక లేదు. నిజం చెప్పొద్దూ, భయం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. రేపు మళ్ళీ పొమ్మంటారు. మళ్ళీ సెలవు. మళ్ళీ ఆ కుర్చీ. ఏడుపొచ్చేసింది.

"ఎవరివో గానీ తల్లీ," దిండులోకి గొణిగాను, "ఈసారి సంచితో సహా తీసెయ్. నన్ను నిద్రపోనీ."

వేళ్ళు ఆగాయి.

"కదలకు..." అని చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు.

నొప్పి లేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. అదీ వెల్లకిలా!

పొద్దున డాక్టరుగారు నా వీపు చూసి ఆశ్చర్యపోయారు. "సంచి మొత్తం వచ్చేసిందే! కుట్లు కూడా ఎంత సన్నగా పడ్డాయో! ఎవరమ్మా చేసింది?"



ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఇంకాస్త వంగారు. "ఇది దారం కాదే... వెంట్రుక."

పట్టకారుతో ఒక కొస పట్టుకుని మెల్లిగా లాగారు.

లోపల్నుంచి ఎవరో వెనక్కి లాగారు.