కుంఠా నాకాలో రోమన్ నాణెం

"నాణెం ఎవరిదో సరిగ్గా చెప్తే చిప్ నీది. తప్పు చెప్తే నువ్వు మాకు దక్కవు," అన్నాడు చీఫ్. ఆయన హాస్యం ఎప్పుడూ అంతే.

ఏజెంట్ ఋషికేశ్ నవ్వలేదు. "బ్రీఫింగ్ ఇవ్వండి సర్."

సరిహద్దు రాడార్లను గుడ్డివి చేసే చిప్ ఒకటి లాబ్ నుంచి మాయమైంది. కొట్టేసినవాడు నిలేష్, షోలాపూర్‌లో చాదర్ దుప్పట్ల ఎగుమతి వ్యాపారి. కొనేది ఓ విదేశీ ముఠా. ముఠా మనిషి ముఖం నిలేష్‌కు తెలియదు. అందుకే పరీక్ష. బాగా అరిగిన రోమన్ వెండి నాణెం చేతిలో పెడతాడు. అది ఏ చక్రవర్తిదో చెప్పినవాడికే చిప్.

"ముఠా మనిషి ఓ దుబాయ్ సేట్. మయూరి ఇచ్చిన ఆచూకీతో ముంబైలో పట్టుకున్నాం. వాడి స్థానంలో నువ్వు."

మయూరి ఏజెన్సీలో నాణేల నిపుణురాలు. వచ్చే నెలలో ఋషికేశ్‌ను పెళ్లాడబోతున్న మనిషి. "అది టైబీరియస్‌ది. సేట్ నోటితోనే చెప్పించాను. నువ్వు తల బద్దలు కొట్టుకోకు, టైబీరియస్ అను చాలు," అంది. అతను నమ్మాడు. సూర్యుడు పడమట పొడిచాడని ఆమె చెప్పినా నమ్మేవాడే.

మర్నాడు మధ్యాహ్నం పెట్టుడు గడ్డంతో సేట్ వేషంలో ఋషికేశ్, నల్ల కళ్లద్దాలతో సేటు గారి భార్యగా మయూరి షోలాపూర్ కుంఠా నాకాలో నిలేష్ కార్ఖానాకు వచ్చారు. లోపల పవర్‌లూమ్‌లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఏ మైకూ అక్కడ పనిచెయ్యదు. అందుకే నిలేష్ ఆ చోటు ఎంచుకున్నాడు. బయట కమాండోలకు సిగ్నల్ ఒకటే: మగ్గాలు ఆగితే దూసుకు రావాలి.

నిలేష్ ఒళ్లో చాదర్ మడత, దాని కింద పిస్టల్. నాణెం అందించి ఋషికేశ్ చెవిలో అరిచాడు. "జెల్ది చూడు సేట్. ఎవలిదో చెప్పు."

తొందరపడితే అనుమానం వస్తుంది. ఋషికేశ్ నాణెం పట్టుకుని అటు చివర కిటికీ దగ్గరికి నడిచాడు. మయూరి నిలేష్ పక్కనే ఉండిపోయింది. అతను తలెత్తి మగ్గాల మీదుగా చూసేసరికి ఆమె నిలేష్ చెవిలో ఏదో చెబుతోంది.

మయూరి పుణెలో పెరిగిన మనిషి. ఆ రొదలో తన మాట ఎవరికీ వినపడదనుకుంది. నిజమే, వినపడలేదు. కానీ ఋషికేశ్ పెరిగింది ఈ షోలాపూర్‌లోనే, అశోక్ చౌక్‌లో, ఇలాంటి మగ్గాల మధ్య. కార్ఖానాలో మాటలు వినేది చెవులు కాదు, కళ్లు. అవతలివాళ్ల పెదాలు చూసి మాట అందుకోవడం అక్కడ పిల్లలకు కూడా వచ్చు. "బువ్వ తిన్నవారా?" అని అమ్మ అడిగేది కూడా అటు చివర నుంచి పెదాలతోనే.

మయూరి పెదాలు అంటున్నాయి: "వాడు పోలీసు. టైబీరియస్ అంటాడు, చూడు. అనగానే కాల్చు. ముఠా మనిషిని నేను."

ఋషికేశ్‌కు ఏడుపొచ్చింది, నిజంగానే. ముంబైలో పట్టుబడ్డ సేట్ పాపం ఎవరో! ఇన్నాళ్లూ ఆమె నవ్వినవన్నీ ఉద్యోగంలో భాగమేనా? కానీ ఏడవడానికి తీరికేదీ? ప్రాణం ఇప్పుడు ఆ అరిగిన వెండి బిళ్ల మీద ఉంది.

నాణెం మీది ముఖంపై ఎవరో ఉలితో పెట్టిన గాటు. ముక్కూ చెవీ ఏకమైపోయాయి. అక్షరం ముక్క మిగల్లేదు. ముఖాన్ని నమ్మకు, వెనక చూడు అని ఒకప్పుడు నేర్పింది మయూరే. వెనక ఒక ఆడమనిషి కూర్చుని ఉంటే టైబీరియస్. ఇద్దరు మనవలు నిలబడి, మధ్యలో డాళ్లుంటే ఆగస్టస్.

నాణెం మీద నోటి ఆవిరి ఊది, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టాడు. ఆవిరి ఆరుతుంటే రెండు నిలువు నీడలు తేలాయి. నడుమ రెండు గుండ్రటి ఉబ్బెత్తులు. కూర్చున్న మనిషికి ఇన్ని కాళ్లుండవు.

వెనక్కి వచ్చాడు. నిలేష్ చెయ్యి చాదర్ కిందికి పోయింది.

"ఆగస్టస్!" అని అరిచాడు ఋషికేశ్. "ఎనక ఇద్దరు మనవలు!"

నిలేష్ నోరు తెరిచాడు. వెంటనే ఓ దారపు కండె లాగి, అందులోని చిప్‌ను ఋషికేశ్ అరచేతిలో పెట్టాడు. పిస్టల్ మయూరి వైపు తిరిగింది.

"ఆగస్టసే! నాకు తెలుసు, నేనే..." అని అరిచింది మయూరి.

"వీడు టైబీరియస్ అంటడని చెప్పింది నువ్వే గద! పోలీసుదానివి నువ్వే!"

చూస్తూ ఊరుకోవాలని ఋషికేశ్‌కు ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. స్తంభం మీది మెయిన్ స్విచ్ కిందికి లాగాడు.

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి నిలేష్ ఉలిక్కిపడ్డాడు. గుండు మయూరి తల పక్క నుంచి పోయి పైరేకుకు తగిలింది. రెండోది పేలేలోపు కమాండోలు అతన్ని నేలకు అదిమారు.

"నీకెలా తెలిసింది?" అంది మయూరి, చేతులకు బేడీలు పడుతుంటే.

"నువ్వే చెప్పినవ్," అన్నాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. మయూరి మీద రిపోర్ట్‌లో ఏం రాయమంటావ్?"

"ఆగస్టస్ నాణేన్ని చూసి టైబీరియస్ అనుకుందని రాయండి సర్. జైలుదేముంది, అలవాటైపోతుంది. ఇది మాత్రం ఆవిడ చచ్చినా భరించలేదు."