రెండు చెవులు కనబడాలె

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో పొద్దున్నే ఏడింటికి, ఉల్లిగడ్డల దళారి వేషంలో ఉన్న ఏజెంట్ ఓంప్రకాశ్‌ను నంబర్ ప్లేట్ లేని ట్రాలీ ఆటో ఒకటి గుద్దేసి వెళ్లిపోయింది. హమాలీలు పరుగెత్తుకొచ్చేసరికి అతను చెల్లాచెదురైన టమాటాల మధ్య పడి ఉన్నాడు. స్పృహ తప్పేలోపు ఫోన్ తీసి ఒకే ఒక్క మనిషితో మాట్లాడాడు.

"రాఘవా... బోయిగూడ అనసూయమ్మ... ఎనిమిది కాపీలు."

పదిన్నరకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, రైలు టికెట్ల ఏజెన్సీ బోర్డు వెనకున్న రహస్య ఆఫీసులో బ్రీఫింగ్ మొదలైంది. చీఫ్ విశ్వతేజ కాకినాడ మనిషి. మంచి నిద్రలోంచి లేపినా టైమ్ కరెక్టుగా చెప్పగలడు.

"సిట్యుయేషన్ సింపుల్," అన్నాడు చీఫ్, పెన్‌డ్రైవ్ ఒకటి బల్ల మీద పెట్టి. "విదేశాల్లో పనిచేస్తున్న మనవాళ్లు నలభై ఒక్క మంది. వాళ్ల అసలు పేర్లు ఇందులో ఉన్నాయి. సరిగ్గా పన్నెండింటికి ఇంద్రజకి అప్పగిస్తాను. ఆవిడ ఢిల్లీ తీసుకెళ్తుంది. అయితే ఈ పేర్ల కోసం కాచుకున్న కోబాల్ట్ ముఠా మనిషి ఒకరు మన ఆఫీసులోనే ఉన్నారని ఓంప్రకాశ్ నిన్న కబురు పెట్టాడు. రుజువుగా ఒక ఫోటో పంపాడు. మనం తెరిచేలోపే అది మాయమైపోయింది. అతని ఫోన్లో లేదు, మెమరీ కార్డులో లేదు, మన సర్వర్లో లేదు."

"అసలు ఫోటో ఉంటే కదండీ?" అంది ఇంద్రజ. టెక్నికల్ వింగ్ హెడ్. నల్ల జార్జెట్ చీర, రెండు భుజాల మీదికీ జారిన జుట్టు. ఆవిడ నడిచొస్తుంటే ఫైళ్లు చదివేవాళ్లు చదివిన లైనే మళ్లీ చదువుతారు. "ఓంప్రకాశే అమ్ముడుపోయుంటాడు సర్. ముఠాతో చెడింది, గుద్దించారు."

"ఓంప్రకాశన్న అమ్ముడుపోయే మనిషి కాదు మేడమ్," అన్నాడు రాఘవేందర్.

గదిలో అందరూ అతని వైపు చూశారు. డిపార్ట్‌మెంటులో రాఘవేందర్ కోడ్ నేమ్ 'కరివేపాకు'. పోపులో కావాలి, కంచంలో అక్కర్లేదు. పదేళ్లుగా అతన్ని అలాగే వాడారు. అతనికి పని నేర్పింది, అతన్ని మనిషిగా చూసింది ఓంప్రకాశ్ ఒక్కడే.

"పన్నెండు దాకా టైమ్," అన్నాడు చీఫ్. "ఫోటో తెస్తే ఆపుతాను. తేకపోతే ఇది ఇంద్రజ చేతికి వెళ్తుంది. ఓంప్రకాశ్ ఫైలు మీద ద్రోహి అని రాసేస్తాను."

"అందాక పెన్ను మూత తియ్యకుండ్రి సర్," అని రాఘవేందర్ లేచాడు.

ఇంద్రజ నవ్వుతూ అతని చొక్కాకి గుండీ మైక్ తగిలించింది, చెవిలో పెట్టుకోమని ఇయర్‌పీస్ ఇచ్చింది. "ఏ హెల్ప్ కావాలన్నా నేను లైన్లో ఉంటాను రాఘవ్."

* * *

బోయిగూడ సందులో 'అనసూయ డిజిటల్ స్టూడియో' అంటే ఒక గది, ఒక స్టూల్, ఒక తెల్ల పరదా, దసరాకి పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ఇంకా చెరగని ఒక పాత కంప్యూటర్. దాని ముందు అరవై దాటిన అనసూయమ్మ, చేతిలో స్టీలు స్కేలుతో కూర్చుని ఉంది.

"పాస్‌పోర్ట్ ఫోటో కావాలమ్మా."

"ఎన్ని కాపీలు?"

"ఎనిమిది."

అనసూయమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసి లోపలి నుంచి గడియ పెట్టింది. "ఓంప్రకాశ్ పంపిండా? నిన్న పొద్దుగాల వచ్చి మెమరీ కార్డు ఇచ్చిండు. ఫోటో నీ కంప్యూటర్ల దాచి కార్డు వాపస్ ఇయ్యి, ఎనిమిది కాపీలు అడిగినోనికే చూపెట్టు అన్నడు. మంచిగున్నడా?"

"బతకాలె అమ్మా. జెర ఆ ఫోటో చూపియ్యి."

ఆమె ఫైలు చూపించింది. ఉంది! ఎక్కడా లేని ఫోటో ఇక్కడుంది! రాఘవేందర్ మౌస్ అందుకున్నాడు. రెండుసార్లు క్లిక్ చేశాడు. ఫోటోలు చూపించే యాప్ నల్లగా తెరుచుకుని, అంతలోనే మూసుకుపోయి, ఒక డబ్బా పడేసింది. 'ఈ యాప్‌ను తెరవలేకపోతున్నాం.' కింద పొడుగాటి ఎర్రర్ నంబరు.

"మేడమ్, ఫైలు దొరికింది. యాప్ తెరుచుకుంటలేదు. ఎర్రర్ వస్తున్నది."

"గుడ్," అంది చెవిలో ఇంద్రజ. "కంగారు పడకు. రీస్టార్ట్ చెయ్."

రీస్టార్ట్ చేశాడు. ఆ ముసలి కంప్యూటర్ తీరిగ్గా లేచి కూర్చునేసరికి తొమ్మిది నిమిషాలు పోయాయి. మళ్లీ అదే డబ్బా.

"సెట్టింగ్స్‌లోకి వెళ్లి యాప్ రిపేర్ కొట్టు. కాలేదా? రీసెట్ కొట్టు."

కొట్టాడు. అదే డబ్బా. పదకొండూ ఇరవై అయింది.

"సరే, ఇక ఒకటే దారి," అంది ఇంద్రజ తియ్యగా. "ఆ 2019 డేట్ తీసేసి ఇవాళ్టి డేట్ పెట్టు. యాప్ దానంతటదే తెరుచుకుంటుంది."

స్క్రీన్ మూల చూస్తే నిజమే. 2019 ఆగస్టు. రాఘవేందర్ డేట్ మార్చే డబ్బా తెరిచి, సంవత్సరం సరిచేసి, ఆఖరి బటన్ మీదికి మౌస్ తెచ్చాడు. స్టీలు స్కేలు వచ్చి వేళ్ల మీద ఫెడీమని పడింది.

"డేట్ ముట్టకు!"

"అమ్మా!"

"ఏందీ అమ్మా? నా ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ ట్రయల్‌ది. ముప్పై దినాలే నడుస్తది. ముప్పై కాంగనే నేను డేట్ ఎనుకకు తిప్పుత. మల్ల ఒకటో తారీఖు నుంచి షురూ. ఏండ్ల సంది గిట్లనే నడిపిస్తున్న. నా కంప్యూటర్ల కరోనా సుత రాలే బిడ్డా!"

రాఘవేందర్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తను ఇంద్రజతో యాప్ తెరుచుకోవడం లేదని మాత్రమే చెప్పాడు. డేట్ సంగతి తనే ఇప్పుడు చూశాడు. ఆమె తనకి తగిలించింది గుండీ మైకే, కెమెరా కాదు. మరి 2019 అని ఆమెకెలా తెలిసింది?

అక్కడి నుంచి ఆలోచన పరుగెత్తింది. సరైన డేట్ ఉన్న ప్రతి మెషీన్లోనూ ఫోటో మాయమైంది. 2019లో ఆగిపోయిన ఈ ఒక్కదాంట్లోనే మిగిలింది. అంటే ఫోటో వెంట ముఠా వైరస్ ఉంది. డేట్ చూసుకుని నిద్ర లేచే వైరస్. ఇక్కడ దానికింకా తెల్లారలేదు! డేట్ తప్పుగా ఉండబట్టే యాప్ మొండికేస్తోంది, నిజమే. డేట్ సరిచేస్తే యాప్ తెరుచుకుంటుంది, అదీ నిజమే. కానీ తెరుచుకునేలోపే ఫోటో మాయమైపోతుంది. మందు సరైనదే, విషం కలిపి ఇస్తోంది.

"రాఘవ్, డేట్ మార్చావా?"

"మార్చను."

"వాట్? ఇట్స్ యాన్ ఆర్డర్!"

"మీ ఆర్డర్ సుత కరివేపాకే మేడమ్. తీసి పక్కన పెట్టిన."

గుండీనీ ఇయర్‌పీస్‌నీ పీకి అనసూయమ్మ చాయ్ గ్లాసులో పడేశాడు. పదేళ్లలో మొదటిసారి అతనికి ఊపిరి నిండుగా ఆడింది.

"నా చాయ్!" అంది అనసూయమ్మ. "సరే గానీ, ఆ యాప్ ఎప్పుడూ గిట్లనే సతాయిస్తది. దాన్నెందుకు బతిమిలాడుతవు? రైట్ క్లిక్ కొట్టు. ఓపెన్ విత్. పెయింట్."

పిల్లలు బొమ్మలు గీసుకునే ఆ పాత ప్రోగ్రామ్ డేట్ అడగలేదు, ఏమీ అడగలేదు. ఫోటో తెరిచేసింది.

బన్సీలాల్‌పేట్ మెట్లబావి. మెట్ల మీద కోబాల్ట్ ముఠా నాయకుడు, ఆ విదేశీ ముఖం ప్రతి ఏజెంటుకీ కంఠతా వచ్చు. అతని చేతిలోంచి కవర్ అందుకుంటూ ఒక ఆడమనిషి. కానీ ఆమె ముఖం అటు తిరిగి ఉంది. తలమీది చున్నీ గాలికి పక్కకు పోయి ఎడమ చెవి ఒక్కటే కనిపిస్తోంది.

రాఘవేందర్ కుర్చీలో కూలబడ్డాడు. "చెవితోని ఏం చేస్త అమ్మా?"

అనసూయమ్మ కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వంగింది. "పెద్దగ చెయ్. ఇంకా. చెవి తమ్మె చీలింది, కుట్టేసిండ్రు, చూసినవా? ఈ చెవి నిన్న మాపటీలి గీ స్టూల్ మీదనే కూసుంది! పాస్‌పోర్ట్ ఫోటో అంటే రెండు చెవులు కనబడాలె, జుట్టు ఎనుకకు తియ్యమంటే ఎంత గునిసిందనుకున్నవ్! నేను లైటు సర్దుతుంటె మౌస్ మీద చెయ్యేసింది. స్కేలుతోని ఒక్కటిచ్చిన."

ఓంప్రకాశ్ వెళ్లిన షాపులన్నీ వెతుక్కుంటూ వచ్చిందన్నమాట. అనసూయమ్మ నిన్నటి ఫైలు తెరిచింది. రాయించిన పేరు కాంతమణి. పొట్టి ఉంగరాల విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు. రాఘవేందర్ ఆ కళ్లద్దాలను చేత్తో కప్పి చూశాడు. ఇంద్రజ!

ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆమె లైన్లోంచే వెళ్లాలి. ఫోటో పంపినా అంతే.

"కాగితం మీద కొట్టమ్మా! రెండూ ఒకదాని కింద ఒకటి! కాగితాన్ని ఏ వైరస్ తినదు."

ప్రింటర్ కదిలింది. అదే క్షణంలో కరెంట్ పోయింది. బయట ఎవరో ఫ్యూజ్ పీకారు. యూపీఎస్ కీ కీ మని అరవడం మొదలెట్టింది.

"ఎంతసేపు ఆగుతది?"

"రెండు నిమిషాలు. మూడ్ మంచిగుంటే మూడు."

తలుపు మీద దబదబా బాదుతున్నారు. కాగితం అంగుళం అంగుళంగా దిగుతోంది. ముందు మెట్లు, తర్వాత చెవి, తర్వాత కాంతమణి విగ్గు, కళ్లు, రెండు చెవులు. గడ్డం పూర్తయ్యీ అవగానే కంప్యూటర్ టప్‌మని ఆరిపోయింది.

అనసూయమ్మ స్కూటీ తాళం చెవి విసిరింది. "పరదా ఎనుక తలుపుంది. ఉరుకు!"

"నువ్వు?"

"ఓంప్రకాశ్ నన్ను నమ్మిండు. నువ్వు ఉరుకు!"

సందులోకి స్కూటీ దూకుతుంటే ముందు తలుపు విరిగిన చప్పుడు, దాని వెంటే ఆమె గొంతు వినిపించాయి. "ఏందీ, పాస్‌పోర్ట్ ఫోటోనా? కూసోండ్రి. కరెంట్ లేదు, కంప్యూటర్ నడువది. ఫ్యూజ్ పీకినోన్ని పిలుసుకరాండ్రి!"

* * *

చీఫ్ గదిలో గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలైంది. పెన్‌డ్రైవ్ చీఫ్ అరచేతిలో ఉంది. ఇంద్రజ చెయ్యి చాచింది. ఏడో గంటకి తలుపు తన్నుకుని వచ్చిన రాఘవేందర్, ఆ రెండు చేతుల మధ్య కాగితం పెట్టాడు.

ఇంద్రజ ఓ చూపు చూసి కిలకిలా నవ్వింది. "ఎవరిదో చెవి. ఎవరో కాంతమణి. దీనికోసం నేను ఫ్లైట్ మిస్సవ్వాలా సర్?"

"ఒద్దు మేడమ్," అన్నాడు రాఘవేందర్. "జెర జుట్టు ఎనుకకు తీసి పోయిరాండ్రి."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవిని కప్పుకుంది.

చీఫ్ పిడికిలి మూసుకుంది. పన్నెండో గంట కొట్టింది. ఇంద్రజ హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది, కానీ పెదవుల వైపు తీసుకెళ్లలేదు. రాఘవేందర్ ఆమె మణికట్టు మెలేశాడు. లిప్‌స్టిక్‌లోంచి దూసుకొచ్చిన విషపు సూది వెళ్లి సీలింగ్ ఫ్యాన్‌కి గుచ్చుకుంది.

"సర్, ఇప్పుడు పెన్ను మూత తియ్యుండ్రి," అన్నాడు రాఘవేందర్. "పేరు మాత్రం మార్చి రాయుండ్రి."

బోయిగూడ వెళ్లిన పోలీసులకి స్టూడియోలో ఇద్దరు దుండగులు ఉన్న ఒక్క స్టూల్ మీదే బుద్ధిగా ఇరుక్కుని కూర్చుని కనిపించారు. ఇద్దరి వేళ్లూ వాచి ఉన్నాయి.

మూడో రోజు ఓంప్రకాశ్ కళ్లు తెరిచాడు. ఆ సాయంత్రమే చీఫ్ స్వయంగా బోయిగూడ వెళ్లి, ప్రభుత్వం తరఫున కృతజ్ఞతగా ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ ఒరిజినల్ లైసెన్సు, జీవితాంతం పనిచేసేది, అనసూయమ్మ చేతిలో పెట్టాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది.

"ఒద్దు సారూ. ఇది ఏస్తే డేట్ మార్చాలె. డేట్ మారితే కరోనా వస్తది. అందరు మూతులకు మాస్కులు కట్టుకుంటే నా ధంధా ఎట్ల నడువాలె?"