డోరీ అంటే పడవా, చేపా?

కాఫీ కప్పులు అందించకముందే హిమబిందు ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ తెనాలి వాళ్ళు కూడా ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అని లేస్తే, ఇక పెళ్ళిచూపులకు కూర్చోదు. ఇదివరకు అలా అన్నవాళ్ళెవరూ కబురు చేయలేదు. రేపల్లెలో తమ ఇంటి ఫోన్ మోగినప్పుడల్లా నాన్న వెంకటరత్నం ఉలిక్కిపడి లేవడం ఆమె చూసింది. అందుకు వాళ్ళనెవరినీ క్షమించలేదు.

పెద్దవాళ్ళు ఇద్దరినీ మాట్లాడుకోమని వెనక వరండాలోకి పంపారు. చూరు మీంచి వాన కారుతోంది. పెళ్ళికొడుకు కౌండిన్య బాపట్లలో ఇంగ్లీషు లెక్చరర్. చేతులేం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. మనిషి బాగానే ఉన్నాడు. ఆమెకు అదే కోపం.

“చెరుకుపల్లి స్కూల్లో మీరు చెప్పేది కూడా ఇంగ్లీషేనటగా?” అన్నాడు.

“అవునండి. మా పిల్లలు ఒకటి అడిగారు. ఒక రకం పడవనీ డోరీ అంటారు, ఒక రకం చేపనీ డోరీ అంటారు. ఎందుకని?”

అతని ముఖం వెలిగింది. ఫ్రెంచిలో ఆ మాటకు బంగారు పూత అని అర్థమనీ, చేప ఒళ్ళు పసుపుగా మెరుస్తుంది కనుక ఆ పేరొచ్చిందనీ, చేపలు పట్టే పడవకూ అదే అంటుకుందనీ పాఠం చెప్పేశాడు.

“చేప వరకూ నిజమే. పడవకి బంగారం పూసిందెవరండీ?”

మధ్య అమెరికా తీరంలో మిస్కిటో జాతివాళ్ళు దుంగ తొలిచి చేసుకునే పడవను తమ భాషలో అలా పిలిచేవారనీ, ఇంగ్లీషులోకి అక్కణ్ణించే వచ్చిందంటారనీ చెప్పింది. చేపతో దానికి ఏ చుట్టరికమూ లేదంది.

అతను ఫోన్ తీసి వెతికాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఇన్నాళ్ళూ క్లాసులో తప్పే చెప్పానండి.”

“ఎవరూ అడగలేదా?”

“మీలాంటివాళ్ళు మా క్లాసులో లేరండి.”

ఆమె వాన వైపు తిరిగి నవ్వు దాచుకుంది.

లోపలికి వచ్చేసరికి అతని తండ్రి వెంకటరాఘవయ్య కండువా సర్దుకుంటూ, “మరి మేం ఇంటికెళ్ళి...” అంటున్నారు. వెంకటరత్నం అలవాటుగా తలాడించాడు. హిమబిందు ఖాళీ కప్పులు ట్రేలోకి ఏరుకుంది.

“నాన్నగారూ, ఒక్కమాట,” అన్నాడు కౌండిన్య. ఆ సమయంలో పెళ్ళికొడుకు నోరు విప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. “ఈవిడ దగ్గర పాఠం తప్పు చెప్పాను. సరిదిద్దారు. నాకు నచ్చారు. ఇంటికెళ్ళి ఆలోచించేదేం లేదు.”

ఆయన కొడుకును ఎగాదిగా చూశారు. “తప్పు ఒప్పుకున్నావా? నువ్వు?” అని మళ్ళీ కూర్చున్నారు.

వెంకటరత్నం కూతురి వైపు చూశాడు. ఆమె ట్రే బల్ల మీద పెట్టింది.

“నాకూ ఇష్టమే నాన్నా,” అంది. “ముందు క్లాసులో పడవ సంగతి సరిచేసి రమ్మనండి. ముహూర్తం తర్వాత చూద్దాం.”