సగంల పీకిన కార్డు

ఎండాకాలం మధ్యాహ్నం రెండున్నరకు రాయచూరు బజారుల మనిషి కనపడడు. దుకాణాలోళ్లు షట్టర్లు సగం దించి కునుకు తీస్తరు. నేను మాత్రం మా లాప్‌టాప్ రిపేరు దుకాణంల కూలరు ముందర నిలబడి హంపయ్య తాత మీద కస్సుమంటున్న.

"పొద్దున ఫోన్ చేస్తె ఇప్పుడా తాతా వచ్చేది? అక్కడ మా నాయిన పానం మీదికొచ్చింది."

"బీరువ తాళంచెవి దొరకలే అర్పితమ్మా," అని ఆయన గుడ్డసంచిలకెల్లి ఒక పాత బండ లాప్‌టాప్ తీసి టేబులు మీద పెట్టిండు. హంపయ్య తాత వెంకోబరావు డాక్టరు దగ్గర ముప్పై ఏండ్లు కాంపౌండరు. డాక్టరు పోయి రెండేండ్లయింది. ఆ లాప్‌టాప్ ఆయనదే.

మా నాయిన గోపాలయ్యకు ఆ పొద్దున గుండెల నొప్పొచ్చింది. తమ్ముడు కార్తిక్ దవాఖానకు తీస్కపోయిండు. అక్కడి డాక్టరు ఈసీజీ చూసి, ఈ తేడా పాతదా కొత్తదా అని అడిగిండట. పాతదైతే మందులు చాలు. కొత్తదైతే ఇప్పటికిప్పుడు హైదరాబాదు తీస్కపోవాలె, కాని అంత దూరం తట్టుకుంటడని ఆయనకే నమ్మకం లేదు. నాలుగింటి లోపల పాత ఈసీజీ తెమ్మన్నడు. ఇంట్ల ఫైలు తీసి చూస్తిని. మా ఊరి ఎండలకు కాయితం మీద గీతలన్నీ ఎలిసిపోయి తెల్లగ ఉంది. ఆ ఈసీజీ తీసింది వెంకోబరావు డాక్టరే. ఇగ మిగిలింది ఈ లాప్‌టాప్ ఒక్కటే.

దాంట్ల ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. ఈసీజీ తీసే కార్డు గూడ సంచిలనే ఉంది. ఏటీఎం కార్డంత ఉంటది, జర మందం. లాప్‌టాప్ పక్కన సందుల దూర్చాలె. కార్డుకు పది వైర్లు, ఆరింటి చివర ఛాతీకి అంటించే రబ్బరు బుడ్డలు. కార్డును గుర్తుపడితేనే ఈసీజీ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటది. గుర్తుపడితే కద! కార్డు పెట్టిన ప్రతిసారి దాని పేరు మీద పసుపు గుర్తొస్తుంది.

"ఈ కార్డు సారు చేతికే వింటదమ్మా," అన్నడు తాత.

"చేతికి వినుడేంది తాతా, దాన్ని నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేర్ పోయింది. జర గమ్మున కూసో."

సంచిల ఉన్న సీడీతోని డ్రైవరు ఎక్కిస్తిని. లాభం లేదు. తీసి మళ్ల ఎక్కిస్తిని. అదే పసుపు గుర్తు. ఘడియకోసారి గోడ గడియారం దిక్కే చూస్తున్న. ఆఖరికి అర్థమైంది. లోపలున్న పాత మోడెం, ఈ కార్డు రెండూ కంప్యూటరు ఇచ్చే ఒక్క నంబరు కోసం కొట్లాడుతున్నయి. మోడెం బంద్ చేసి రీస్టార్ట్ చేస్తిని.

టింగ్... టాంగ్.

పసుపు గుర్తు పోయింది! "దొరికిందే తాతా!" అని అరిచిన. సంతోషంతోని ఏడుపొచ్చింది.

సాఫ్ట్‌వేర్ తెరిచిన. పేషెంట్ల పేర్లు వచ్చినయి. గోపాలయ్య పేరు నొక్కిన. అప్పుడే దుకాణంల వాసన మారింది. ఎప్పుడూ సోల్డరు పొగ వాసన ఉండేటి చోట స్పిరిటు వాసన... సూది ఇచ్చే ముందు దూదితోని తుడిచే వాసన.

తెర మీద తారీఖు ఇయ్యాల్టిది. టైము రెండూ యాభై. పచ్చగీత ఒకటి లేస్తుంది, పడుతుంది, ముందుకు పోతుంది.

పాత ఈసీజీ కాదు. ఎవరిదో గుండె ఇప్పుడు కొట్టుకుంటుంది.

వైర్ల దిక్కు చూస్తిని. అన్నీ టేబులు అద్దం మీద పడి ఉన్నయి. మొదటి రబ్బరు బుడ్డ మెల్లగ లోపలికి నొక్కుకుంది... అద్దానికి అంటుకుంది. తర్వాత రెండోది. ఎవరో రెండు వేళ్లతోని పిండి అంటిస్తున్నట్టు... మూడోది.

హంపయ్య తాత లేచి నిలబడ్డడు. గొంతు దించి అన్నడు, "సారు ఈసీజీ తీస్తుండు. ముగిసేదాంక కార్డు ముట్టొద్దు. ఎవర్నీ ముట్టనియ్యకపోతుండె."

"ఏం సారు తాతా! చచ్చి రెండేండ్లాయె!"

"వద్దమ్మా... బ్యాడ, ముట్టకు!"

నాకు భయమైతె కోపమొస్తది. ఏం చేస్తున్ననో నాకే తెల్వదు. కార్డు పట్టుకొని పీకేస్తిని.

కార్డు నా చేతుల ఉంది. సందు ఖాళీ. తెర మీద పచ్చగీత ఆగలే. లేస్తుంది... పడుతుంది.

"మళ్ల పెట్టు తల్లీ," అని తాత సందు దిక్కు చెయ్యి చూపెట్టిండు.

పెట్టబోయిన. కార్డు సగం దాంక పోయి ఆగింది. లోపల ఏదో అడ్డం ఉంది. నొక్కిన... పోలే. తిప్పి మళ్లించి ఇరవై నిమిషాలు తిప్పలు పడ్డ. సెల్‌ఫోన్ లైటేసి చూస్తిని.

లోపల ఏం లేదు.

చేతుల ఫోన్ మోగింది. కార్తిక్.

"అక్కా... నాయిన మంచిగనే ఉన్నడు. లేచి కూసున్నడు. చాయ్ అడుగుతుండు..."

"మరి గట్ల మాట్లాడుతున్నవేందిరా?"

"సిస్టర్‌కు నాడి దొరుకుతలేదక్కా. మూడు మిషన్లు మార్చిండ్రు. మూడిట్ల గీత సాపుగనే వస్తుంది... డాక్టర్లందరు వచ్చి నిలబడి చూస్తుండ్రు."

తెర దిక్కు చూడకుండ ఉండలేకపోయిన. పచ్చగీత లేచింది... చానసేపటికి పడ్డది.

"నాయినకియ్యి," అన్న.

"అర్పితా..." నాయిన గొంతు నెమ్మదిగనే ఉంది. "మన వెంకోబరావు సారు వచ్చిండు బిడ్డా. ఛాతీ మీద చల్లగ బుడ్డలు పెట్టిండు. ఊపిరి బిగపట్టుమన్నడు, పట్టిన."

ఫోను చెవికి గట్టిగ ఒత్తి పట్టుకున్న. అక్కడి ఫ్యాను చప్పుడు వినపడుతుంది. కార్తిక్ ఏడుపు వినపడుతుంది. నాయిన ఊపిరి మాత్రం వినపడతలేదు.

"ఎప్పుడు పట్టినవ్ నాయినా?"

"మూడింటికి పది తక్కువ."

గోడ గడియారంల మూడుంబావు.

"సగంలనే ఎటో లేచిపోయిండు," అన్నడు నాయిన. "ఇడువుమని చెప్పనే లేదు. ఇడువాల్నా బిడ్డా?"